వ్యవసాయ సలహా సాఫ్ట్‌వేర్ నిర్మాణ స్వరూపాన్ని నాణ్యతా లక్ష్యాలతో తూచే విధానం: ముదిగొండ మండలం ఉదాహరణగా ఒక పరిశీలన

సారాంశం

వ్యవసాయ విస్తరణలో సాఫ్ట్‌వేర్ వినియోగం ఏటేటా పెరుగుతున్నది. అయితే అధిక శాతం వ్యవస్థలను తయారైన తరువాతనే పరీక్షిస్తున్నారు. నిర్మాణ స్వరూపంలోనే దాగి ఉన్న లోపాలు అప్పటికి సరిదిద్దడానికి వీలులేనంతగా పాతుకుపోతాయి. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో రూపొందిన ‘ఏటామ్’ అనే మూల్యాంకన పద్ధతిని ఈ వ్యాసం పరిచయం చేస్తుంది. 2004లో వరంగల్ జిల్లాలో అమలైన ఇ-సాగు వ్యవస్థను దాని వెలుగులో పరిశీలించి, ఖమ్మం జిల్లా ముదిగొండ మండలానికి తగిన ఒక ఊహాత్మక పంట సలహా వ్యవస్థపై మూల్యాంకన క్రమాన్ని అంచెలంచెలుగా వివరిస్తుంది. సలహా ఆలస్యం కావడానికి కంప్యూటర్ వేగం కన్న శాస్త్రవేత్త సమయం ముఖ్య కారణం కాగలదనీ, రైతును గుర్తించే సంఖ్య ఎంపికలోనే కౌలు రైతు మినహాయింపునకు గురయ్యే ప్రమాదం ఉన్నదనీ ఈ పరిశీలన తెలుపుతున్నది.

ముఖ్య పదాలు: నిర్మాణ స్వరూపం, నాణ్యతా లక్షణం, సన్నివేశం, ప్రయోజన వృక్షం, సున్నిత బిందువు, రాజీ బిందువు, ఇ-సాగు, విస్తరణ సేవలు.

ఉపోద్ఘాతం

2021-22 పంట కాలంలో ఉభయ తెలుగు రాష్ట్రాల మిరప తోటలను నల్ల తామర పురుగు తీవ్రంగా దెబ్బతీసింది. పూలలో గుంపులుగా చేరి రసం పీల్చే ఈ పురుగు వల్ల పూత రాలి కాయ నిలవలేదు. ఇటువంటి పరిస్థితిలో సరైన సలహా మూడు రోజులు ఆలస్యమైతే రైతు అంతవరకు చేతులు ముడుచుకొని కూర్చోడు. పురుగుమందుల దుకాణంలో ఇచ్చిన మందును, తరచు రెండు మూడు మందులను కలిపి, పిచికారీ చేస్తాడు. ఖర్చు పెరుగుతుంది, మిత్ర పురుగులు నశిస్తాయి, అసలు పురుగు మిగులుతుంది. కనుక సలహా వ్యవస్థలో ఆలస్యం సాంకేతిక లోపంగా మాత్రమే మిగలదు. అది పంట నష్టంగా మారుతుంది.

ఖమ్మం నగరానికి సమీపంలోని ముదిగొండ మండలంలో వరి, పత్తి, మిరప ప్రధాన పంటలు. ఇక్కడి మిర్చి ఖమ్మం వ్యవసాయ మార్కెట్‌కు చేరుతుంది. జిల్లాలో వైరాలో కృషి విజ్ఞాన కేంద్రం, మధిరలో వ్యవసాయ పరిశోధన స్థానం ఉన్నాయి. తూర్పుగా భద్రాచలం వైపు సాగే కొద్దీ అటవీ గ్రామాలు, పోడు భూములు, సిగ్నల్ అందని చోట్లు ఎదురవుతాయి. మైదాన మండలానికి తయారైన వ్యవస్థను రేపు అటవీ మండలానికి విస్తరించవలసి వస్తే అది నిలుస్తుందా అనే ప్రశ్నకు సమాధానం కోడ్ రాయకముందే వెదకాలి. నిర్మాణ స్వరూప మూల్యాంకనం చేసే పని ఇదే.

నిర్మాణ స్వరూపం అనగా నేమి?

ఒక సాఫ్ట్‌వేర్ వ్యవస్థలోని ప్రధాన భాగాలు, వాటి బాధ్యతలు, వాటి మధ్య సంబంధాలు కలిసి దాని నిర్మాణ స్వరూపం అవుతాయి. సమాచారం ఫోన్‌లో నిలువ ఉంటుందా, కేంద్ర సర్వర్‌లోనే ఉంటుందా. రైతును ఏ సంఖ్యతో గుర్తిస్తారు. ఫొటోలు ఏ దారిన వెళ్తాయి. సలహాను ఎవరు ఆమోదిస్తారు అనే నిర్ణయాలు ఇందులోకి వస్తాయి. తెర మీది బొత్తాము రంగును ఎప్పుడైనా మార్చవచ్చు. రైతు గుర్తింపు సంఖ్యను మాత్రం లక్ష రికార్డులు చేరిన తరువాత మార్చడం, కాలువ తవ్వి నీరు వదిలిన తరువాత దాని వాలును మార్చడం వంటిది.

వ్యవస్థ ఏ పని చేయాలన్నది ఒక ప్రశ్న; ఆ పనిని ఎంత వేగంగా, ఎంత నమ్మకంగా, ఎంత భద్రంగా చేయాలన్నది మరొక ప్రశ్న. ఈ రెండవ కోవకు చెందినవే నాణ్యతా లక్షణాలు. అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ/ఐఈసీ 25010 యొక్క 2011 ప్రతి వీటిని ఎనిమిది ప్రధాన వర్గాలుగా విభజించగా, 2023 సవరణలో అవి తొమ్మిది అయ్యాయి. పనితీరు సామర్థ్యం, విశ్వసనీయత, భద్రత, నిర్వహణ సౌలభ్యం వీటిలో కొన్ని.

‘వ్యవస్థ వేగంగా ఉండాలి’ అనే వాక్యంతో మూల్యాంకనం సాధ్యం కాదు. ‘పురుగు ఎక్కువైతే మందు కొట్టండి’ అనే సలహా ఎంత అస్పష్టమో ఇది కూడ అంతే. పత్తిలో గులాబీ రంగు పురుగుకు లింగాకర్షక బుట్టలో వరుసగా మూడు రోజులు రోజుకు 8 రెక్కల పురుగుల చొప్పున పడితే చర్య తీసుకోవాలని నష్ట పరిమితి స్థాయిని నిర్ణయించినట్లే, నాణ్యతా లక్ష్యానికి కూడ కొలవదగిన పరిమితి ఉండాలి.

మూల్యాంకన పద్ధతుల పరిణామం

సాఫ్ట్‌వేర్ నిర్మాణ స్వరూపాన్ని సన్నివేశాల ఆధారంగా పరిశీలించే పద్ధతిని రిక్ కాజ్మన్, లెన్ బాస్ ప్రభృతులు 1994లో ‘సామ్’ అనే పేరుతో ప్రకటించారు. వ్యవస్థలో రాబోయే మార్పులను తట్టుకొనే శక్తి మీద అది ప్రధానంగా దృష్టి పెట్టింది. ఒక లక్షణాన్ని పెంచితే మరొకటి తగ్గడం అనే సమస్యను కూడ లెక్కలోకి తీసుకొంటూ కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయపు సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఏటామ్ రూపుదిద్దుకొన్నది. కాజ్మన్, మార్క్ క్లైన్, పాల్ క్లెమెంట్స్ 2000లో దీనిని సమగ్ర నివేదికగా వెలువరించారు.

ఏటామ్‌లో తొమ్మిది అంచెలు ఉన్నాయి: (1) పద్ధతిని అందరికీ వివరించడం, (2) వ్యవస్థ ఎందుకు కావలసి వచ్చిందో దాని యాజమాన్యం చెప్పడం, (3) రూపకర్త నిర్మాణ స్వరూపాన్ని వివరించడం, (4) అందులోని ముఖ్య పోకడలను గుర్తించడం, (5) ప్రయోజన వృక్షాన్ని గీయడం, (6) ముఖ్య సన్నివేశాల ఆధారంగా పోకడలను విశ్లేషించడం, (7) భాగస్వాములందరితో కొత్త సన్నివేశాలు రాబట్టి ఓట్లు వేయించడం, (8) వాటి ఆధారంగా తిరిగి విశ్లేషించడం, (9) ఫలితాలను నివేదించడం.

ఏడవ అంచె విస్తరణ శాస్త్రవేత్తలకు సుపరిచితమైనది. గ్రామీణ భాగస్వామ్య మూల్యాంకనంలో రైతులు గింజలతోనో రాళ్లతోనో సమస్యలకు ప్రాధాన్యం ఇచ్చినట్లే, ఇక్కడ కూడ ప్రతి భాగస్వామికి మొత్తం సన్నివేశాలలో సుమారు 30 శాతానికి సమానమైన ఓట్లు ఇస్తారు. ఇరవై సన్నివేశాలు ఉంటే ఒక్కొక్కరికి ఆరు ఓట్లు. రూపకర్తలు గీసిన వృక్షానికీ, భాగస్వాముల ఓట్లకూ పొంతన కుదరకపోతే ఆ వ్యత్యాసమే ఒక ముఖ్య ఫలితం.

ఇ-సాగు: తెలుగు నేల మీది ఒక నమూనా

హైదరాబాద్‌లోని ట్రిపుల్ ఐటీ, మీడియా ల్యాబ్ ఏసియా సహకారంతో, 2004లో ఇ-సాగు వ్యవస్థను ప్రారంభించింది. వరంగల్ జిల్లా ఆత్మకూరు మండలంలోని ఊరుగొండ, పరిసర గ్రామాలలో 1051 పత్తి క్షేత్రాలను తొలి ఏడాది ఎంపిక చేశారు. గ్రామంలోని సమన్వయకర్త నిర్ణీత వ్యవధిలో ప్రతి క్షేత్రాన్ని దర్శించి, పంట ఫొటోలు తీసి, పరిశీలనలు నమోదు చేసేవాడు. ఫొటోలను సీడీలలోకి ఎక్కించి హైదరాబాద్‌కు పంపేవారు. అక్కడి వ్యవసాయ నిపుణులు ఫొటోలను, క్షేత్ర చరిత్రను చూచి ఒక్కొక్క క్షేత్రానికి విడిగా సలహా తయారు చేసేవారు. ఆ సలహా ఇంటర్నెట్ ద్వారా స్థానిక కేంద్రానికి చేరి, సమన్వయకర్త ద్వారా రైతుకు అందేది. రైతు ప్రశ్న అడిగే వరకు వేచి ఉండకపోవడం ఈ వ్యవస్థ ప్రత్యేకత.

ఇంటర్నెట్ ఉండగా సీడీలు ఎందుకు? ఒక అంచనా లెక్క ద్వారా దీనిని గ్రహించవచ్చు. ఒక క్షేత్రానికి అర మెగాబైట్ పరిమాణం గల నాలుగు ఫొటోలు అనుకొంటే 2 మెగాబైట్లు అవుతుంది. ఒక సమన్వయకర్త రోజుకు 20 క్షేత్రాలు చూస్తే 40 మెగాబైట్లు. ఐదుగురికి 200 మెగాబైట్లు. నాటి డయలప్ లైను గరిష్ఠ వేగం సెకనుకు 56 కిలోబిట్లు, అనగా సుమారు 7 కిలోబైట్లు. 200 మెగాబైట్లు పంపడానికి, లైను ఒక్కసారి కూడ తెగకపోయినా, దాదాపు 8 గంటలు పడుతుంది. 700 మెగాబైట్ల సీడీ ఒక్కటి ఆ భారాన్ని సులభంగా మోస్తుంది. సలహా మాత్రం కొన్ని కిలోబైట్ల అక్షరాలే కనుక అదే లైను మీద సెకన్లలో దిగుతుంది.

బరువైన సమాచారాన్ని రోడ్డు మార్గాన పైకి, తేలికైన సమాచారాన్ని తీగ మార్గాన కిందికి పంపడం ఒక నిర్మాణ నిర్ణయం. ఏటామ్ పరిభాషలో చెప్పాలంటే, ‘ఒకటి రెండు రోజులలో సలహా అందాలి’ అనే లక్ష్యం దృష్ట్యా ఇది ముప్పు లేని నిర్ణయం. పత్తి పురుగుల విషయంలో ఆ వ్యవధి సహించదగినదే. అదే నిర్ణయం గంటలలో సమాధానం కావలసిన అవసరానికి, ఉదాహరణకు వడగండ్ల వాన హెచ్చరికకు, పనికిరాదు. నిర్మాణ స్వరూపం తనంతట తాను మంచిదీ కాదు, చెడ్డదీ కాదు. ఏ లక్ష్యానికి అన్నదే నిర్ణాయకం.

ముదిగొండ మండలానికి మూల్యాంకన క్రమం

కింది వ్యవస్థ అధ్యయన సౌలభ్యం కొరకు ఊహించినది. అందులోని సంఖ్యలు ఉదాహరణలు. మండలంలోని వ్యవసాయ విస్తరణాధికారులు ఫోన్ ద్వారా పంట ఫొటోలు పంపుతారు. కృషి విజ్ఞాన కేంద్రం స్థాయిలో ఇద్దరు శాస్త్రవేత్తలు వాటిని చూచి సలహా ఇస్తారు. సలహా రైతు ఫోన్‌కు వాయిస్ సందేశంగా, విస్తరణాధికారి ఫోన్‌కు అక్షర రూపంలో చేరుతుంది. సిగ్నల్ లేనప్పుడు పని ఆగకుండా సలహాల నిధి అధికారి ఫోన్‌లోనే నిలువ ఉంటుంది. రైతును పట్టాదారు పాసు పుస్తకం సంఖ్యతో గుర్తిస్తారు.

ప్రయోజన వృక్షం: వృక్షపు మొదట ‘వ్యవస్థ ప్రయోజనం’, కొమ్మలుగా నాణ్యతా లక్షణాలు, ఆకులుగా సన్నివేశాలు ఉంటాయి. ప్రతి సన్నివేశానికి రెండు గుర్తులు ఇస్తారు: మొదటిది దాని ప్రాముఖ్యం, రెండవది సాధించడంలోని కష్టం. రెండూ ‘అధికం’ అయిన సన్నివేశాలను ముందుగా విశ్లేషించాలి.

1. వేగం: మిరప పూత దశలో రెండు రోజుల వ్యవధిలో 500 క్షేత్రాల నుండి తామర పురుగు సమాచారం వస్తే, ప్రతి రైతుకు 36 గంటలలోపు సలహా అందాలి. (అధికం, అధికం)

2. లభ్యత: రోజంతా సిగ్నల్ లేకపోయినా ఒక్క నమోదు కూడ పోకూడదు, సిగ్నల్ వచ్చిన రెండు గంటలలో అన్నీ సర్వర్‌కు చేరాలి. (అధికం, మధ్యమం)

3. మార్పు సౌలభ్యం: ఒక మందును ప్రభుత్వం నిషేధించిన 24 గంటలలో అది ఏ సలహాలోనూ కనిపించకూడదు. (అధికం, అధికం)

4. గోప్యత: ఏ రైతు పొలంలో ఏ పురుగు ఉన్నదో రైతు అనుమతి లేకుండా మందుల విక్రేతలకు తెలియకూడదు. వ్యక్తిగత సమాచార రక్షణకు 2023లో చేసిన డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం దృష్ట్యా కూడ ఇది అవసరం. (అధికం, మధ్యమం)

5. సమావేశం: పాసు పుస్తకం లేని సాగుదారును పది నిమిషాలలో నమోదు చేయగలగాలి. (అధికం, అధికం)

విశ్లేషణ, ఫలితాలు

మొదటి సన్నివేశం: ఒక్కొక్క క్షేత్రం ఫొటోలు చూచి సలహా రాయడానికి శాస్త్రవేత్తకు 6 నిమిషాలు పడుతుందనుకొంటే 500 క్షేత్రాలకు 3000 నిమిషాలు, అనగా 50 గంటలు కావాలి. ఇద్దరు శాస్త్రవేత్తలు రోజుకు 8 గంటల చొప్పున పనిచేస్తే రోజుకు 16 గంటలు లభిస్తాయి. పని పూర్తి కావడానికి మూడు రోజులు దాటుతుంది. 36 గంటల లక్ష్యం నెరవేరదు. సర్వర్ వేగాన్ని పదింతలు చేసినా ఈ లెక్క మారదు. ఇక్కడ సలహా సమయాన్ని శాసించే సున్నిత బిందువు ‘ఒక సలహాకు పట్టే నిపుణుని సమయం’. సర్వర్ కొనుగోలుకు నిధులు కేటాయించే ముందు ఈ లెక్క వేయకపోతే ధనం ఒకచోట, సమస్య మరొకచోట ఉంటాయి.

దీనికి ఒక పరిష్కారం, ఒకే గ్రామంలో ఒకే పంట, ఒకే దశ, ఒకే లక్షణాలు గల పది క్షేత్రాలను ఒక గుంపుగా చేర్చడం. అప్పుడు 50 గుంపులు అవుతాయి. గుంపుకు 10 నిమిషాలు వెచ్చించినా 500 నిమిషాలు. ఇద్దరికి ఒక పూటకు కొద్దిగా మించిన పని. అయితే ఇ-సాగు బలం ఏ క్షేత్రానికి ఆ క్షేత్రంగా సలహా ఇవ్వడంలోనే ఉన్నది. గుంపు పరిమాణం పెరిగే కొద్దీ వేగం పెరిగి, సలహా నిర్దిష్టత తగ్గుతుంది. ఒకే నిర్ణయం రెండు లక్షణాలను ఎదురెదురు దిశలలో కదిలిస్తే దానిని రాజీ బిందువు అంటారు. గుంపు పరిమాణాన్ని కోడ్‌లో స్థిరపరచక, ఉధృతిని బట్టి శాస్త్రవేత్త మార్చుకొనేలా ఉంచడం మేలు.

రెండవ, మూడవ సన్నివేశాలు: సలహాల నిధిని ఫోన్‌లో నిలువ ఉంచడం లభ్యతను పెంచుతుంది. కాని మూడు రోజులు సిగ్నల్ అందని గ్రామంలో ఉన్న అధికారి ఫోన్‌లో నిషేధిత మందు పేరు అలాగే మిగిలి ఉంటుంది. లభ్యత కొరకు తీసుకొన్న నిర్ణయం భద్రతకు ముప్పుగా మారింది. ఇది రెండవ రాజీ బిందువు. నిలువను తొలగిస్తే సిగ్నల్ లేని చోట పని ఆగుతుంది. పురుగుమందు డబ్బా మీద గడువు తేదీ ఉన్నట్లే, ప్రతి సలహాకు చెల్లుబాటు గడువు చేర్చడం మధ్యేమార్గం. గడువు దాటిన రసాయన సలహా తెర మీదికి రాదు. గట్టు పరిశీలన, జిగురు అట్టలు, కలుపు తీత వంటి సలహాలు మాత్రం కనిపిస్తాయి. గడువు 24 గంటలైతే మూడవ లక్ష్యం పూర్తిగా నెరవేరుతుంది, కాని సిగ్నల్ లేని రెండవ రోజు నుండి రసాయన సలహా ఉండదు. ఏడు రోజులైతే దీనికి విపర్యయం. ఈ సంఖ్యను ప్రోగ్రామర్ ఒంటరిగా నిర్ణయించకూడదు. శాస్త్రవేత్తలు, అధికారులు, రైతులు కలిసి నిర్ణయించాలి.

నాలుగవ సన్నివేశం: ఫొటోతో పాటు పొలం స్థానం కూడ నమోదవుతుంది. గ్రామాల వారీ పురుగు ఉధృతి పటాన్ని బహిరంగపరచడం ఇరుగుపొరుగు రైతులకు మేలు చేస్తుంది. క్షేత్రాల వారీ పటం విక్రేతలకు వ్యాపార పట్టికగా మారుతుంది. గ్రామ స్థాయి మొత్తాలను వేరుగా, వ్యక్తిగత రికార్డులను వేరుగా నిలువ చేసే నిర్ణయం ఉంటే ముప్పు తగ్గుతుంది.

ఐదవ సన్నివేశం: మూల్యాంకనంలో అత్యంత గంభీరమైన ఫలితం ఇక్కడ లభిస్తుంది. పట్టాదారు పాసు పుస్తకం సంఖ్య ఆధారంగా రైతును గుర్తిస్తే వ్యవస్థకు కనిపించేది భూమి యజమాని. పురుగును చూచేది, మందు కొట్టేది కౌలు రైతు. సలహా యజమాని ఫోన్‌కు వెళ్తుంది. ఆ యజమాని హైదరాబాద్‌లో ఉండవచ్చు. 2018లో ప్రారంభమైన రైతుబంధు పట్టాదారులకు ఉద్దేశించిన పథకం కనుక ఆ సంఖ్య దానికి సరిపోయింది. పెట్టుబడి సాయానికి పనికివచ్చిన గుర్తింపు పంట సలహాకు పనికిరాదు. రెండింటి లక్ష్యాలు వేరు. ఉమ్మడి రాష్ట్రంలో 2011 నాటి సాగుదారుల చట్టం కౌలుదారులకు రుణ అర్హత కార్డులను ప్రవేశపెట్టింది. భద్రాచలం వైపు గిరిజన రైతుల భూమికి 2006 నాటి అటవీ హక్కుల చట్టం కింద ఇచ్చిన పత్రాలు ఆధారం. ఒకే మాదిరి సంఖ్య తప్ప మరొకటి స్వీకరించని వ్యవస్థకు వీరెవ్వరూ కనిపించరు.

పరిష్కారం క్లిష్టమైనది కాదు. సాగుదారుకు వ్యవస్థ తన సొంత సంఖ్యను కేటాయించి, పాసు పుస్తకం, అటవీ హక్కు పత్రం, కౌలు ఆధారం వంటి వాటిని ఐచ్ఛిక వివరాలుగా చేర్చాలి. క్షేత్రానికీ సాగుదారుకూ గల సంబంధం పంట కాలంతో మారేలా ఉంచాలి. కౌలు ఏటేటా చేతులు మారుతుంది. ఈ మార్పునకు కాగితం మీద ఒక గంట చాలు. వ్యవస్థ మూడేళ్లు నడిచిన తరువాత ప్రతి పట్టికను, ప్రతి నివేదికను తిరిగి రాయవలసి వస్తుంది. అంతవరకు కౌలు రైతు సలహాకు దూరంగానే ఉంటాడు.

ముప్పుల సారం: విడివిడి ముప్పులను ఒకచోట చేర్చి చూస్తే రెండు మూల కారణాలు కనిపిస్తాయి. మొదటిది, వ్యవస్థలో మనిషి చేసే పనిని నిర్మాణ స్వరూపంలో భాగంగా లెక్కించకపోవడం. రెండవది, మరొక అవసరం కొరకు తయారైన గుర్తింపును తరచి చూడకుండా అరువు తెచ్చుకోవడం.

పద్ధతి పరిమితులు

ఏటామ్ సంపూర్ణ రూపంలో శిక్షణ పొందిన మూల్యాంకన బృందాన్ని, అనేక రోజుల సమయాన్ని కోరుతుంది. మండల స్థాయి వ్యవస్థకు ఒక్క రోజులో ముగిసే తేలిక రూపం సరిపోతుంది. భాగస్వాములను సక్రమంగా పిలవకపోతే ఫలితం కూడ సక్రమంగా రాదు. సమావేశంలో కౌలు రైతు లేకపోతే ఐదవ సన్నివేశం ఎవరి నోటి నుండీ రాకపోవచ్చు. ఈ పద్ధతి ముప్పు ఎక్కడ ఉన్నదో చూపుతుంది గాని, తయారైన వ్యవస్థను క్షేత్రంలో పరీక్షించవలసిన అవసరాన్ని తొలగించదు.

ముగింపు, సూచనలు

విస్తరణ శాస్త్రవేత్త సాఫ్ట్‌వేర్ నిపుణుడు కానవసరం లేదు. లక్ష్యాన్ని కొలవదగిన వాక్యంగా చెప్పగలిగితే చాలు. ఆ వాక్యం లేనిచో రూపకర్త తనకు సులభమైన మార్గాన్ని ఎంచుకొంటాడు. ఈ పరిశీలన నుండి కింది సూచనలు చేయవచ్చు.

1. కొత్త సలహా వ్యవస్థకు ఒప్పందం చేసుకొనే ముందు కనీసం ఐదు సన్నివేశాలను కొలమానాలతో సహా రాసి ఇవ్వాలి.

2. మూల్యాంకన సమావేశంలో కౌలు రైతులు, మహిళా రైతులు, విస్తరణాధికారులు తప్పనిసరిగా ఉండాలి; ఓటింగ్ కాగితం చదవలేని వారికి గింజల పద్ధతిని వాడాలి.

3. సర్వర్ సామర్థ్యంతో పాటు నిపుణుల పని గంటలను కూడ లెక్కించాలి.

4. ప్రతి రసాయన సలహాకు చెల్లుబాటు గడువు ఉండాలి.

5. రైతు గుర్తింపు భూమి యాజమాన్య పత్రం మీద మాత్రమే ఆధారపడకూడదు.

విద్యార్థులకు అభ్యాసం: తమ గ్రామీణ వ్యవసాయ అనుభవ కార్యక్రమంలో భాగంగా ఏదైనా ఒక గ్రామంలో వాడుకలో ఉన్న వ్యవసాయ యాప్‌ను ఎంచుకొని, ముగ్గురు రైతులు, ఒక విస్తరణాధికారితో మాట్లాడి, నాలుగు సన్నివేశాలతో ప్రయోజన వృక్షాన్ని గీయాలి. అందులో కనీసం ఒక సున్నిత బిందువును, ఒక రాజీ బిందువును గుర్తించి, తగిన లెక్కతో సమర్థించాలి.